స్పీకర్లో లేని గొంతు

నన్ను ఒక మాట అన్నవాళ్ళు ఆ మాటను మరచిపోవచ్చు, నేను మరవను. మా ఆయన దీన్ని జబ్బు అంటాడు, నేను జ్ఞాపకశక్తి అంటాను. పందొమ్మిదేళ్ళ కిందట ఒక బారసాలలో మా తోడికోడలు, అంటే మా మరిది పెళ్ళాం, పదిమంది ఆడవాళ్ళ మధ్య కూర్చుని "అక్క పాడితే రింగ్ ఫ్రేమ్ నడిచినట్టే ఉండాది" అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఇంటికొచ్చి, గిన్నెలు తోముకుంటూ ఆ మాటను కడుపులో భద్రంగా దాచుకున్నాను. ఆ రోజు ఆమె కట్టుకున్న చీర అంచు ఏ రంగో కూడా నాకు గుర్తుంది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. నా కడుపుమంట అంతా అదే. రాజపాళయంలో ఒక నూలు మిల్లులో ఇరవయ్యారేళ్ళు రింగ్ ఫ్రేమ్ అనే నూలు వడికే మిషను దగ్గర నిలబడి పోగు తీసినదాన్ని. ఆ మోతలో పక్క మనిషికి వినపడాలంటే కేక పెట్టాలి. అలా కేకలు పెట్టి పెట్టి నా గొంతు పెద్దదైంది. ఆ గొంతు చూసే మా అత్త తన పెళ్ళిపాటలు నాకు అప్పగించింది. మా ఇళ్ళలో పెళ్ళికి ముందు రోజు నలుగు పెడతారు. పెళ్ళికొడుక్కి పసుపు పూస్తూ ఆడవాళ్ళు పాడే ఆ పాటలు తెలుగువి. మేము ఈ అరవ దేశానికి వచ్చి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. మా చదువంతా అరవంలోనే. తెలుగు అక్షరాలు నేను మిల్లు మానేశాక కంప్యూటర్ ముందు కూర్చుని నేర్చుకున్నాను.

కానీ ఆ పదకొండు పాటలు మాత్రం నోటి నుంచి నోటికి దిగి వచ్చాయి. మాటలంటే ఎవరైనా రాసుకోవచ్చు. ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ ఊపిరి బిగపట్టాలి, పెళ్ళికొడుకును ఎకసెక్కం చేసేటప్పుడు గొంతు ఎలా విరవాలి, అది రాతకు రాదు. అత్త పోయాక అది నా ఒక్కదానికే తెలుసు. నేను ముందు పాడితే మిగతావాళ్ళు వెనక అందుకుంటారు. మా వాళ్ళలో ఎవరింట్లో నలుగైనా నాకు ముందు చాప వేస్తారు. జన్మలో నేను గర్వపడింది ఆ చాప మీద కూర్చున్నప్పుడే.

పోయిన ఏడాది మెడలో గడ్డ తేలింది. మధురైలో డాక్టరమ్మ చూసి, థైరాయిడ్ గడ్డ, తీసెయ్యాలి అన్నది. గొంతు నరం దానికి ఆనుకుని ఉందట. కాపాడాలనే చూస్తారట, కానీ గొంతు మారిపోవచ్చట, ముందే చెబుతున్నాను అన్నది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆయన చావు గురించి భయపడకు అని నన్ను ఓదార్చాడు. నేను చావు గురించి ఏడవడం లేదని ఆయనకు చెప్పలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే తోడికోడలు వచ్చింది. మాది ఒక వీధి, వాళ్ళది పక్క వీధి.

"ఆపరేషనుకు ముందరే పాటలన్నీ రికార్డు చేసేద్దామక్కా. అప్పురం గొంతు ఎట్లుండునో ఏమో. మా వాని పెళ్ళికి మీ పాట లేకుంటే ఎట్ల?" అన్నది.

ఇంత ప్రేమ ఎక్కడినుంచి ఊడిపడిందా అని నాకు అప్పుడే అనుమానం. మూడు నెలల్లో ఆమె కొడుకు పెళ్ళి. నలుగులో మైక్‌సెట్టు పెట్టి ఈ పాటలు వినిపించాలని ఆమె ఎత్తు. అవసరం ఆమెది. అయినా సరేనన్నాను, ఎందుకంటే అవసరం నాది కూడా.

బస్టాండు వెనక వీధిలో ఒక మిద్దె మీద చిన్న స్టూడియో ఉంది. పెళ్ళి వీడియోలకు, చర్చి పాటలకు అందరూ అక్కడికే పోతారు. స్టూడియో అతను నన్ను గది నడుమ ఒక మైకు ముందు నిలబెట్టాడు. తోడికోడలితో పాటు ఇంకొక ఆమెను ఎడమ పక్క మైకు దగ్గర, మరో ఇద్దరిని కుడి పక్క మైకు దగ్గర పెట్టాడు.

"అమ్మా, మీ గొంతు నట్టనడుమ. రెండు స్పీకర్లలోనూ సమంగా వచ్చును. వాళ్ళదీ, నేను కలిపే డోలూ చప్పట్లూ కొంజం ఆ పక్క, కొంజం ఈ పక్క" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా పాడాను. మళ్ళీ పాడతానో లేదో అన్న భయంతో పాడాను. అత్త నాకు చూపించిన ప్రతి విరుపూ అందులో పెట్టాను. అంత బాగా నేను ఎప్పుడూ పాడలేదు, ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అతను పాటలు సరిచేసి ఇవ్వడానికి నాలుగు రోజులు కావాలన్నాడు. ఆ నాలుగో రోజుకు నేను మధురై ఆసుపత్రిలో ఉన్నాను. తోడికోడలే పోయి రెండు పెన్‌డ్రైవ్‌లు తెచ్చింది, ఒకటి నాకు, ఒకటి ఆమెకు.

ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు గొంతు విప్పకూడదన్నారు. మా ఆయన ఒక పలక కొనిచ్చాడు. మిల్లు మోతను మించి అరిచినదాన్ని, పలక మీద "ఉప్పు చాలలేదు" అని రాసి చూపించే గతి పట్టింది. ఆ పలక మీద తిట్లు రాస్తే పట్టవు. కోపమంతా లోపలే ఉండిపోయేది.

ఇంటికి వచ్చిన రోజే తోడికోడలు పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టి, "వినండక్కా, శానా బాగా వచ్చినాది" అని పోయింది.

కరోనా కాలంలో మా అమ్మాయి క్లాసుల కోసం కొన్న కంప్యూటర్ ముందు గదిలో ఉంది. దానికి రెండు చిన్న స్పీకర్ పెట్టెలు. నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళు ఎలుకకు మా ఇల్లు సొంతమైపోయింది. స్పీకర్ నుంచి కంప్యూటర్‌కు పోయే వయరును నడిమికి కొరికేసి పెట్టింది. మా ఆయన చూసి, "కొత్తది తెస్తానుండు, రేపు సంత పక్కకు పోతాను" అన్నాడు. నాకు రేపటి దాకా ఆగే ఓపిక లేదు. పలక మీద "నాకు చేత కాదా" అని రాశాను.

రింగ్ ఫ్రేమ్ దగ్గర మా పనే అది. పోగు తెగితే రెండు కొసలూ కలిపి వేళ్ళతో ఒక మెలి తిప్పితే అతుక్కుపోవాలి. చుట్టూ రేగిన దూదినీ పిచ్చి పోగులనూ తెంపి నడుముకు కట్టిన వేస్టు సంచిలో వెయ్యాలి. అతుకు నున్నగా లేకపోతే మేస్త్రీ తిట్టేవాడు. నన్ను ఇరవయ్యారేళ్ళలో ఒక్కసారి కూడా తిట్టలేదు. వయరు పైనున్న నల్ల తొడుగును బ్లేడుతో చీల్చాను. లోపల ఎర్ర తొడుగు తీగ ఒకటి, తెల్ల తొడుగు తీగ ఒకటి. వాటి చుట్టూ ఏ తొడుగూ లేని సన్నటి రాగి పోగులు రేగి ఉన్నాయి. ఎర్రదానికి ఎర్రది, తెల్లదానికి తెల్లది కలిపి మెలి తిప్పాను. రేగిన రాగి పోగులను రెండు వైపులా నున్నగా కత్తిరించి చెత్తబుట్టలో వేశాను. నా మెడ కట్టు కోసం ఇచ్చిన ప్లాస్టర్‌లో మిగిలింది ఉంటే దాన్ని పైన చుట్టాను. మా ఆయన వేలితో తడిమి చూసి, బాగుందే అన్నాడు.

కంప్యూటర్ లేచేటప్పుడు వచ్చే సంగీతం రెండు పెట్టెల్లోనూ వచ్చింది. నా అతుకు పని చేసింది కదా అని సంతోషపడ్డాను. పెన్‌డ్రైవ్ గుచ్చి మొదటి పాట పెట్టాను.

డోలు వచ్చింది. చప్పట్లు వచ్చాయి. నేను పాడే చోటు వచ్చింది. నేను రాలేదు.

అక్కడ ఏదో నూతి అడుగు నుంచి వస్తున్నట్టు ఒక మూలుగు ఉంది, అంతే. వెంటనే వెనక అందుకునే ఆడవాళ్ళు వచ్చారు. ఎడమ పెట్టెలో తోడికోడలి గొంతు స్పష్టంగా, కులాసాగా వచ్చింది. మళ్ళీ నా వంతు. మళ్ళీ ఏమీ లేదు. 

మొదట పెట్టెలనే అనుమానించాను. శబ్దం తిప్పే బుడిపెను చివరి దాకా తిప్పాను, డోలు అదిరింది గానీ నేను రాలేదు. ఎడమ పెట్టెకు చెవి ఆనించాను, పని చేస్తోంది. కుడిదానికి ఆనించాను, అదీ పని చేస్తోంది. తెర మీద మూలనున్న స్పీకర్ బొమ్మ నొక్కి చూశాను, వంద మీద ఉంది. కంప్యూటర్ వెనక పచ్చ రంధ్రంలో ఉన్న పిన్ను తీసి, ఊది, మళ్ళీ గుచ్చాను. ముందు వైపున్న రంధ్రంలో పెట్టి చూశాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. లేచే సంగీతం చక్కగా వచ్చింది. రెండో పాట పెట్టాను, మూడోది పెట్టాను, పదకొండూ పెట్టాను. పదకొండింటిలోనూ డోలు ఉంది, చప్పట్లు ఉన్నాయి, నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు, నేను లేను.

"వేరే పాట ఏదైనా పెట్టి చూడు, సెట్టులోనే ఏమో ఉండాది" అన్నాడు మా ఆయన.

ఆయన చెప్పిన ఆ ఒక్క పని నేను చెయ్యలేదు. పలక మీద "మీకు తెలియదు" అని రాసి, కంప్యూటర్ ఆపి, దాని మీద పాత చీర కప్పేశాను. నాకు అప్పటికే అంతా తెలిసిపోయింది. ఒక పాటలో అయితే పొరపాటు. పదకొండింటిలో అయితే అది పని గట్టుకుని చేసింది. పాటలు స్టూడియో నుంచి తెచ్చింది ఎవరు? ఆ నాలుగు రోజులు నేను మత్తులో ఉంటే బయట తిరిగింది ఎవరు? ఎవరి గొంతు చక్కగా మిగిలింది? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పలక పట్టుకుని పట్టేశాననుకున్నాను. నాకు ఇక గొంతు రాదని, నేనిక పాడలేనని తెలిసి, నా పాటలో నన్ను కోయించి తాను మిగిలింది. ఇకమీదట నలుగులో ముందు చాప ఆమెది.

మర్నాడు ఆమె గంజి తీసుకుని వచ్చింది. నా పక్కన కూర్చుని, "విన్నారా అక్కా? ఎట్లుండాది?" అని అడిగింది. ఆమె మొహంలో నవ్వు ఉంది. నేను తల ఊపాను. ఆ నవ్వును గోళ్ళతో గీరి తీసెయ్యాలనిపించింది. గంజి తాగి గిన్నె కడిగి ఇచ్చాను.

ఆ తర్వాత నాలుగు వారాలు ఆమె రోజూ వచ్చింది, రోజూ ఏదో ఒకటి వండి తెచ్చింది. రోజూ నేను తల ఊపుతూ మనసులో ఆమెకు ఏమేం చెయ్యాలో లెక్క వేసుకున్నాను. మాట్లాడే మనిషికైతే కోపం మాటలతో కొంత పోతుంది. నాకు ఆ దారి లేదు. రింగ్ ఫ్రేమ్ మాటా, ఈ కోతా కలిసి లోపల ఒకటే ముద్ద అయ్యాయి.

ఆరు వారాలు అయ్యాయి. డాక్టరమ్మ మాట్లాడమన్నది. నోరు తెరిస్తే ఎండిన కొబ్బరిమట్ట ఈడ్చినట్టు ఒక గరగర వచ్చింది. ఇంకా రెండు మూడు నెలలు చూద్దాం అన్నది గానీ, ఆమె కళ్ళలోనే నాకు జవాబు దొరికింది. ఇంటికొచ్చి తలుపు వేసుకుని మొదటి పాట మొదటి మాట అందుకోబోయాను. గొంతు లేవలేదు. అప్పుడే నిర్ణయించుకున్నాను, నా గొంతు లేని పాట ఆమెకూ ఉండకూడదని.

ముందు స్టూడియోకు పోయాను. అతను నా మాట విని నన్ను వింతగా చూశాడు.

"మీరేనా అమ్మా? గొంతు ఇట్ల అయిపోయినాదే" అన్నాడు పాపం. "మీ పాటలు నాకాడ అట్లే ఉండాయి. ఒకటి వినిపించేదా?"

వద్దు అన్నాను. మా ఇంటి పాటలు బయట ఎవరి దగ్గరా ఉండకూడదు, అది మా కట్టుబాటు, తుడిచెయ్ అన్నాను. అలాంటి కట్టుబాటు ఏదీ మాకు లేదు.

"ఒక్కసారి తుడిస్తే మళ్ళీ రాదమ్మా" అన్నాడు.

"రాకూడదనే" అన్నాను.

అతను తుడిచేదాకా అతని వెనక నిలబడి చూశాను.

అక్కడినుంచి నేరుగా తోడికోడలి ఇంటికి పోయాను. నా పెన్‌డ్రైవ్ పని చెయ్యడం లేదు, నీది ఇవ్వు, కంప్యూటర్‌లో ఎక్కించుకుని రేపు ఇస్తాను అన్నాను. బీరువాలో పెళ్ళి నగల పెట్టెలో పెట్టిన దాన్ని తీసి ఇచ్చింది. "నిదానంగా ఇవ్వండక్కా, తొందర లేదు" అన్నది. నగల పెట్టెలో దాచుకునేంత ప్రేమ తన గొంతు మీద అనుకున్నాను.

చీర తీసి కంప్యూటర్ వేశాను. పదకొండు పాటలూ ఒక్కసారిగా పట్టి తుడిచాను. నిజంగా తుడిచెయ్యాలా అని అడిగింది. అవునని నొక్కాను. తుడిచినవి కూడా మళ్ళీ తీసే మొనగాళ్ళు ఉంటారని ఎక్కడో విన్నాను. అందుకని పెన్‌డ్రైవ్ నిండా మా అమ్మాయి పాత క్లాసు వీడియోలు కుక్కి, వాటినీ తుడిచాను. మర్నాడు ఆ ఖాళీ పెన్‌డ్రైవ్‌ను చేతిలో పెట్టి, భద్రం అని చెప్పి వచ్చాను. నలుగు రోజు మండపంలో ఊరి ఆడవాళ్ళందరి ముందు ఆమె దాన్ని మైక్‌సెట్టులో గుచ్చాలి. ఏమీ రాకూడదు. అందరూ ఆమె మొహం చూడాలి. అప్పుడు నేను నవ్వాలి. నా పెన్‌డ్రైవ్‌ను రోట్లో వేసి రోకలితో దంచాను. ఆ మధ్యాహ్నం అన్నం రెండు మార్లు వడ్డించుకున్నాను. పందొమ్మిదేళ్ళలో అంత ఆకలి నాకు ఎప్పుడూ వెయ్యలేదు.

పెళ్ళి ఇంకా ఎనిమిది రోజులుందనగా తోడికోడలు పరుగులాంటి నడకతో వచ్చింది. ఆమె కొడుకూ, కాబోయే కోడలూ కలిసి మాట్లాడుతూ తీసిన పిలుపు వీడియో వచ్చిందట. సెల్లులో చిన్నగా ఉంది, పెద్ద తెర మీద చూద్దామక్కా అన్నది. మా ఆయన చీర తీసి కంప్యూటర్ వేశాడు. వీడియో పెట్టాడు.

నాదస్వరం వచ్చింది. పిల్లవాడు తెర మీదికి వచ్చి నోరు తెరిచాడు. పెదవులు కదులుతున్నాయి. నాదస్వరం మోగుతూనే ఉంది. అమ్మాయి నోరు తెరిచింది. ఆమె మాటా లేదు.

"ఏమిది, వాని గొంతు రాలేదే?" అన్నది తోడికోడలు. సెల్లులో అదే వీడియో పెట్టింది. అందులో పిల్లవాడు గణగణా మాట్లాడుతున్నాడు. "ఇందులో వచ్చును, అందులో రాదు. స్పీకర్ కాడనే ఏమో ఉండాది."

ఆ మాట మా ఆయన ముందే అన్నాడు.

మా మరిది మిల్లులో ఎలక్ట్రీషియన్. ఇరవై ఐదేళ్ళ కాపురంలో ఆమెకు తీగల సంగతి కొంత వచ్చింది. వంగి వయరు వెంట చెయ్యి పోనిచ్చి నా ప్లాస్టర్ దగ్గర ఆగింది. దాన్ని విప్పింది.

"ఎవరు అతికినారు?"

"నేనే" అన్నాను.

"ఎర్రది, తెల్లది బాగానే కలిపినారు. దీని చుట్టూ రాగి పోగులు ఉండునే, అవి ఏమైనాయి?"

"వేస్టని కోసేసినాను."

ఆమె నవ్వింది. పందొమ్మిదేళ్ళ కిందటి నవ్వే అది, ఇప్పుడు చూస్తే అందులో విషమేమీ కనబడలేదు. "మిల్లు బుద్ధి పోలేదక్కా మీకు. అది వేస్టు కాదు, అదే ఎర్త్. శబ్దం తిరిగి పోయే దారి అది. అది లేకుంటే ఈ పక్కదీ ఆ పక్కదీ ఒకదాన్నొకటి కొట్టేసుకొనును. రెంటిలో సమంగా వచ్చేది ఏదుండాదో అదే పోవును. పక్కన ఉండేది మాత్రం మిగులును. మా ఇంట్లో టీవీకి ఇట్లే అయినాది."

నట్టనడుమ, రెండు స్పీకర్లలోనూ సమంగా. స్టూడియో అతని మాట నా చెవిలో మోగింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆమె బ్లేడు అడిగి తీసుకుని, నల్ల తొడుగును ఇంకో అంగుళం వెనక్కి చీల్చి, లోపలి రాగి పోగులను బయటికి లాగి, రెండు వైపులవీ కలిపి మెలి తిప్పింది. వీడియో మళ్ళీ పెట్టింది. పిల్లవాడి గొంతు గది నిండా వచ్చింది. "పెద్దమ్మా, పెదనాన్నా, మీరే ముందు నిలబడి జరిపించాల" అంటున్నాడు. ఆమె చేతులు దులుపుకుని లేచింది.

"అప్పుడైతే మీరు పాటలు సరిగా విననే లేదా? అయ్యో. ఇప్పుడు పెట్టండక్కా, మీ పాట పెట్టండి. నేను రోజూ వింటా ఉంటిని. మీరు ఎత్తుకొనేటప్పుడు నాకు ఏడుపే వచ్చును. పెన్‌డ్రైవ్ మీకు ఇచ్చినాటినుంచి వినలేదు, పెళ్ళిలోనే విందామని పెట్టి ఉండాను."

మా ఆయన నా వైపు చూశాడు. ఆయనకు రోకలి చప్పుడు గుర్తుకు వచ్చిందో ఏమో.

"లేదు" అన్నాను.

"ఏది లేదు?"

"పాట. తుడిచేసినాను."

"మీదా?"

"నాదీ, నీదీ."

"స్టూడియోలో ఉండును కదా."

"అదీ."

ఆమె కూర్చుంది. ఎందుకని అడిగింది. నా గరగర గొంతుతో మొత్తం చెప్పాను, బారసాల దగ్గరినుంచి చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నది. అరుస్తుందని ఎదురుచూశాను. చెంప మీద కొట్టినా పడేదాన్ని.

"నేను కోయించినాననుకుంటిరా అక్కా" అని మాత్రం అన్నది. నా మెడ మీద గాటును కాసేపు చూసింది. చెప్పులు వేసుకుని పోయింది. మా ఆయన ఆమె పెన్‌డ్రైవ్ అడిగి తెచ్చి కంప్యూటర్ షాపులన్నీ తిరిగాడు. అందరూ తల అడ్డంగా ఊపారు. నేను పని నున్నగా చేసేదాన్ని కదా.

నలుగు దాకా ఆ ఏడు రోజులూ ఆమె ఏమి చేస్తుందో ఊహించుకుంటూ గడిపాను. ఆమె స్థానంలో నేనుంటే ఏమి చేస్తానో నాకు బాగా తెలుసు. మండపంలో మైకు పట్టుకుని చెబుతాను. ఒక్కొక్క ముక్కగా, అందరికీ అర్థమయ్యేటట్టు చెబుతాను. నలుగు రోజు ఒంట్లో బాగా లేదని ఇంట్లో ఉండిపోదామనుకున్నాను. ఆమె తన కొడుకునే పంపింది. పెద్దమ్మ రాకపోతే పసుపు ముట్టనని వాడు గుమ్మంలో నిలబడ్డాడు.

ముందు చాప నాకే వేసి ఉంది. నా పక్కన ఆమె కూర్చుంది. పళ్ళెంలో పసుపు కలిపారు. వెనక నుంచి ఒక ముసలామె, "ఏదో రికార్డు పెడతామంటిరే, ఏదది?" అని అడిగింది. ఇప్పుడే అనుకున్నాను. చీర కొంగు వేలికి బిగించి చుట్టుకున్నాను.

"అది పోయినాది అవ్వా" అన్నది తోడికోడలు. "అక్క మాట చెప్పును, నేను పాడతాను. మీరు అందుకోండి."

మొదటి మాట ఆమె చెవిలో చెప్పాను. ఆమె పాడింది. రెండో మాట చెప్పాను. పాడింది. అత్త చూపించిన విరుపు దగ్గర ఆమె గొంతు తిన్నగా వెళ్ళిపోయింది. అది కాదు అని నేను తల అడ్డంగా ఊపాను. ఎలా అన్నట్టు చూసింది. చూపిద్దామని నోరు తెరిచాను, గాలి వచ్చింది. ఆమె తనకు తోచినట్టు పాడేసింది, వెనక ఉన్న పడుచుపిల్లలు అలాగే అందుకున్నారు. మూడో పాట దాకా ఓర్చుకున్నాను.

ఆమె మీదికి వంగి, "చెప్పేసెయ్" అన్నాను. "నేనే తుడిచినానని ఈ జనానికంతా చెప్పు. నీ పగ తీర్చుకో."

ఆమె నా వైపు తిరగలేదు. కొడుకు చేతికి పసుపు పూస్తూనే ఉంది.

"తర్వాత మాట ఏమిదక్కా?" అన్నది.

చెప్పాను. ఆమె పాడింది. అక్కడ కూడా తప్పు పాడింది. వెనక పిల్లలు ఆ తప్పునే నేర్చుకుంటున్నారు, అది ఇలా కాదు అని వినిపించడానికి నా దగ్గర ఏమీ లేదు.